కీమోథెరపీలో ఉన్న రొమ్ము క్యాన్సర్ స్త్రీల ఆందోళనను, కుంగుబాటును దేనితో కొలవాలి?

గోస్తని (ఎం.ఎస్సీ. నర్సింగ్ విద్యార్థిని, విశాఖపట్నం):

అందరికీ నమస్కారం. నగరంలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రి డే కేర్ విభాగంలో కీమోథెరపీ తీసుకుంటున్న రొమ్ము క్యాన్సర్ స్త్రీలలో ఆందోళన, కుంగుబాటు ఏ మేరకు ఉన్నాయన్నది నా పరిశోధనాంశం. ఎథిక్స్ కమిటీకి ప్రతిపాదన సమర్పించే ముందు కొలమానం విషయంలో అనుభవజ్ఞుల అభిప్రాయం తెలుసుకోవాలని ఇక్కడ రాస్తున్నాను.

మా గైడ్ గారు హాస్పిటల్ యాంగ్జైటీ అండ్ డిప్రెషన్ స్కేల్, అంటే అందరూ హ్యాడ్స్ అని పిలిచే ప్రశ్నావళిని వాడమన్నారు. మా సీనియర్లలో కొందరు మాత్రం అది అనుమతి తీసుకుని రుసుము కట్టి వాడవలసిన ప్రశ్నావళి కనుక, ఉచితంగా దొరికే పీహెచ్‌క్యూ-9ను కుంగుబాటుకు, గ్యాడ్-7ను ఆందోళనకు వాడుకుంటే సరిపోతుందని అంటున్నారు. రెండింటిలో ఏది మేలో, ఎందుకు మేలో నాకు స్పష్టంగా తెలియడం లేదు.

ఇంకొన్ని సందేహాలు కూడా ఉన్నాయి. మా దగ్గరికి వచ్చేవారిలో నగరవాసులతో పాటు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచీ, పాడేరు, అరకు వైపు నుంచీ వచ్చేవారు చాలామంది. చదువు రాని వారికి ప్రశ్నలు నేనే చదివి వినిపించాలి. పక్కన భర్తో, కొడుకో, ఆడపడుచో ఉంటారు. ప్రశ్న ఆమెను అడిగితే జవాబు వారు చెబుతారు. కొందరి ఇళ్ళలో జబ్బు పేరే ఆమెకు చెప్పలేదు. "గడ్డ తీశారు, మళ్ళీ రాకుండా మందు ఎక్కిస్తున్నారు" అని మాత్రమే చెప్పి ఉంచారు. వీటన్నింటికంటే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి ఉంది. స్కోరు బాగా ఎక్కువ వచ్చిన స్త్రీ ఎదుట కూర్చుని ఉండగా అంకె రాసుకుని లేచి వెళ్ళిపోవడం నా వల్ల కాదు. అటువంటప్పుడు విద్యార్థినిగా నేను ఏమి చేయాలి?

మేఘాద్రి (మానసిక వైద్యుడు):

గోస్తని గారికి, మీ ఆఖరి ప్రశ్నకు విడిగా జవాబు రాస్తాను. ముందు కొలమానం సంగతి.

1983లో ఇంగ్లండులో జిగ్‌మండ్, స్నెయిత్ హ్యాడ్స్‌ను రూపొందించినప్పుడు వారి ముందున్న చిక్కు కూడా ఇదే. శారీరక వ్యాధితో ఆసుపత్రికి వచ్చిన మనిషికి నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, నీరసం, బరువు తగ్గడం వంటివన్నీ ఆ వ్యాధి వల్లనో, దానికి వాడే మందుల వల్లనో రావచ్చు. వాటిని కుంగుబాటు లక్షణాలుగా లెక్కగడితే వార్డులో సగం మంది కుంగిపోయిన వారిగానే కనిపిస్తారు. అందువల్ల వారు ఆ శారీరక లక్షణాలను వీలైనంత వరకు పక్కన పెట్టి, ఇదివరకు ఇష్టపడిన వాటిని ఇప్పటికీ ఇష్టపడగలుగుతున్నారా, నవ్వగలుగుతున్నారా, రాబోయే వాటి కోసం ఎదురుచూడగలుగుతున్నారా అనే వాటి చుట్టూ ప్రశ్నలు కూర్చారు. మొత్తం 14 ప్రశ్నలలో 7 ఆందోళనకు, 7 కుంగుబాటుకు చెందినవి. ఒక్కొక్క జవాబుకు 0 నుంచి 3 వరకు మార్కులు కనుక ఒక్కో విభాగానికి గరిష్ఠం 21. 7 వరకు మామూలుగా, 8 నుంచి 10 వరకు సందేహాస్పదంగా, 11, ఆపైన వస్తే సమస్య ఉండే అవకాశం ఎక్కువగా చూస్తారు. గడిచిన ఒక్క వారాన్ని దృష్టిలో పెట్టుకుని జవాబు చెప్పాలి.

2001లో వచ్చిన పీహెచ్‌క్యూ-9 మరో పద్ధతిలో తయారైంది. వైద్యులు కుంగుబాటును నిర్ధారించడానికి చూసే తొమ్మిది లక్షణాలనూ ఒక్కొక్కటిగా అడుగుతుంది, గడిచిన రెండు వారాలను లెక్కలోకి తీసుకుంటుంది, గరిష్ఠం 27. సాధారణంగా 10ని హద్దుగా తీసుకుంటారు. ఇప్పుడు కీమో తీసుకుంటున్న స్త్రీని ఊహించండి. నిద్ర, నీరసం, ఆకలి అనే మూడు ప్రశ్నలకే ఆమెకు 9 మార్కులు రావచ్చు. వాటితో పాటు దేని మీదనైనా మనసు పెట్టలేకపోతున్నానని ఆమె ఒక్క మార్కు మేరకు చెప్పినా హద్దు చేరినట్టే. మనసు నిబ్బరంగానే ఉండి, శరీరం మాత్రమే నలిగిపోతున్న స్త్రీని కూడా ఈ ప్రశ్నావళి కుంగుబాటు జాబితాలో చేర్చగలదు.

అలాగని హ్యాడ్స్ ఈ దోషం నుంచి పూర్తిగా బయటపడలేదు. పనుల్లో తాను మందగించినట్టు అనిపిస్తున్నదా అనే ప్రశ్న ఒకటి అందులో ఉంది; కీమోలో ఉన్న చాలామంది స్త్రీలకు అలాగే అనిపిస్తుంది. తన రూపం పట్ల శ్రద్ధ తగ్గిందా అనేది మరొకటి. జుట్టు మొత్తం రాలిపోయి, రొమ్ము తొలగించిన తరువాత అద్దం ముందు నిలబడలేకపోతున్న స్త్రీ ఈ ప్రశ్నకు చెప్పే జవాబులో కుంగుబాటు ఎంత, దుఃఖం ఎంత, అలసట ఎంత అన్నది విడదీయడం కష్టం. మీ విశ్లేషణలో ఈ రెండు ప్రశ్నల జవాబులను విడిగా కూడా చూపించమని నా సలహా.

మీ పరిశోధన లక్ష్యం ఈ స్త్రీల మానసిక స్థితిని కొలవడమే అయితే, కీమో కాలంలో నేను హ్యాడ్స్ వైపే మొగ్గుతాను. కానీ ఆసుపత్రి ఓపీలో ప్రతి రోగినీ నిత్యం పరీక్షించే ఏర్పాటు గురించి అడిగి ఉంటే పీహెచ్‌క్యూ-9, గ్యాడ్-7 అని చెప్పేవాడిని. అవి ఉచితం, తెలుగులో దొరుకుతాయి, మరొక ముఖ్యమైన కారణం కూడా ఉంది. చనిపోతే బాగుండునన్న ఆలోచనలు వస్తున్నాయా అని పీహెచ్‌క్యూ-9లోని తొమ్మిదవ ప్రశ్న నేరుగా అడుగుతుంది, హ్యాడ్స్‌లో ఆ ప్రశ్న లేదు. హ్యాడ్స్ వాడినప్పుడు ఆ విషయాన్ని మీరే విడిగా అడగవలసి ఉంటుంది.

ఏది వాడినా, స్కోరు రోగనిర్ధారణ కాదు. స్కాట్లండ్‌లో 21,000 మందికి పైగా క్యాన్సర్ రోగుల మీద జరిగి 2014లో ప్రచురితమైన అధ్యయనాన్ని చూడండి. అక్కడ మొదట హ్యాడ్స్ ఇచ్చి, ఎక్కువ స్కోరు వచ్చిన వారితో నిర్మాణబద్ధమైన ఇంటర్వ్యూ (ముందే నిర్ణయించిన ప్రశ్నలతో సాగేది) చేసిన తరువాతే కుంగుబాటు ఉందని రాశారు. ఆ విధంగా లెక్కిస్తే రొమ్ము క్యాన్సర్ రోగులలో 9.3 శాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులలో 13.1 శాతం తీవ్ర కుంగుబాటుతో ఉన్నట్టు తేలింది. కుంగుబాటు ఉన్నవారిలో 73 శాతం మందికి దానికి తగిన చికిత్స అందడం లేదన్నది ఆ అధ్యయనంలో నన్ను ఎక్కువగా బాధించిన సంగతి.

కొలిచే కాలం కూడా ముఖ్యమే. లండన్‌లో తొలి దశ రొమ్ము క్యాన్సర్ ఉన్న 222 మంది స్త్రీలను ఐదేళ్ళ పాటు గమనించి 2005లో ప్రచురించిన పరిశోధనలో, వ్యాధి నిర్ధారణ తరువాతి మొదటి సంవత్సరంలో దాదాపు సగం మందికి ఆందోళనో, కుంగుబాటో, రెండూనో ఉన్నాయి. రెండు, మూడు, నాలుగు సంవత్సరాలలో అది 25 శాతానికి, ఐదవ ఏట 15 శాతానికి తగ్గింది. మీరు కీమో కాలంలో తీసుకునే అంకెను రొమ్ము క్యాన్సర్ స్త్రీలందరికీ వర్తింపజేయకూడదు.

యారాడ (క్యాన్సర్ వార్డు సిస్టర్):

అమ్మా, డాక్టర్ గారు ఎందుకో చెప్పారు కనుక ఎలాగో నేను చెబుతాను. కీమో ఎక్కించే గదిలో, పక్క మంచం వారికి వినిపించేలా, బంధువుల మధ్య అడిగితే ఏ ప్రశ్నావళి అయినా ఒకటే: "బాగానే ఉన్నానమ్మా" అన్న జవాబే వస్తుంది. కౌన్సెలింగ్ గది గానీ, డ్రెస్సింగ్ గది గానీ ముందే మాట్లాడి పెట్టుకోండి. తోడు వచ్చిన వారిని వెళ్ళమంటే నొచ్చుకుంటారు, అనుమానపడతారు కూడా. అందువల్ల సమ్మతి పత్రంలోనే "ఈ ప్రశ్నలు రోగితో ఏకాంతంగా అడుగుతాము" అని రాసి, దాన్ని వారికి కూడా చదివి వినిపిస్తే పేచీ ఉండదు. మేము వారికి మందుల చీటీ ఇచ్చి ఫార్మసీకి పంపే సమయం మీకు బాగా పనికివస్తుంది.

ఏ రోజు అడుగుతున్నారన్నది గమనించండి. చాలా కీమోలు 21 రోజులకు ఒకసారి ఎక్కిస్తాం. మొదటి వారం వాంతులు, నోటిపూత, నీరసంతో గడుస్తుంది. మూడవ వారానికి మనిషి కొంత తేరుకుంటుంది. తరువాతి కీమోకు వచ్చిన ఉదయం హ్యాడ్స్ అడిగితే, ఆమె చెప్పేది ఆ తేరుకున్న వారం గురించి. అదే రోజు పీహెచ్‌క్యూ-9 అడిగితే రెండవ వారం కూడా అందులో కలుస్తుంది. ఏదో ఒక సమయాన్ని నిర్ణయించుకుని అందరినీ అదే సమయంలో అడగండి, ఎన్నో కీమోనో కూడా రాసుకోండి. సూది గుచ్చిన తరువాత మాత్రం అడగవద్దు. వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్, డెక్సామెథసోన్ మాత్రలు వేసుకున్న రెండు మూడు రోజులు కూడా కొందరికి నిద్ర ఉండదు, మనసు కుదురుగా ఉండదు, ఊరికే చిరాకు పడతారు. అది మందు ప్రభావమో, భయమో పైకి చూసి చెప్పలేము.

చదివి వినిపించేటప్పుడు ప్రశ్నను మీ మాటల్లోకి మార్చి విడమరిచి చెప్పాలనిపిస్తుంది. ఒకరికి ఒక రకంగా, మరొకరికి మరో రకంగా చెబితే ఇద్దరినీ వేర్వేరు ప్రశ్నలు అడిగినట్టే అవుతుంది. ఉన్నది ఉన్నట్టు, నిదానంగా, రెండుసార్లు చదవండి. నాలుగు జవాబులూ ఒక్కసారి వింటే గుర్తుండవు కాబట్టి ముందు ఉందా లేదా అని, ఉంటే ఎప్పుడో ఒకసారా, తరచుగానా, ఎప్పుడూనా అని మెట్లు మెట్లుగా అడగవచ్చునేమో మీ గైడ్ గారిని అడిగి, అనుమతి ఉంటే అందరికీ అదే పద్ధతి పాటించండి. ఏజెన్సీ నుంచి వచ్చేవారిలో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారు ఉంటారు. వారి వెంట వచ్చిన పిల్లల చేత అనువాదం చేయించడం దయచేసి వద్దు. తల్లి మనసులో మాట పన్నెండేళ్ళ కూతురి నోట పలికించడం ఇద్దరికీ శిక్షే. భాష తెలిసిన ఆరోగ్య కార్యకర్త దొరకకపోతే, తెలుగు అర్థమయ్యే వారినే అధ్యయనంలోకి తీసుకున్నామని పరిమితుల్లో రాయండి.

జబ్బు పేరు తెలియని వారి సంగతి అడిగారు. మీ సమాచార పత్రం మీద క్యాన్సర్ అన్న మాట ఉంటే, ఆమెకు ఆ సంగతి మొదట మీ కాగితం ద్వారా తెలుస్తుంది. అలా జరగకూడదు. ఎవరికి ఏమి తెలుసో డాక్టరును అడిగి తెలుసుకున్న తరువాతే కలవండి. వ్యాధి ఏమిటో తెలియని మనిషి నుంచి నిజమైన సమ్మతి తీసుకోవడం సాధ్యం కాదని నా అభిప్రాయం. ఆమెను అధ్యయనంలో చేర్చకపోవడమే న్యాయం. అయితే ఒక్క మాట. పేరు చెప్పకపోయినా వారిలో చాలామందికి తెలుసు. పక్క మంచం ఆమె తలమీద జుట్టు లేకపోవడం చూస్తారు, గేటు మీది బోర్డు చదివించుకుంటారు. తెలిసిన సంగతి ఎవరితోనూ అనలేక లోపలే దాచుకున్న వారి దిగులు మీ అధ్యయనంలోకి రాదు. ఎంతమందిని ఈ కారణంగా చేర్చుకోలేదో లెక్క పెట్టి మీ నివేదికలో తప్పకుండా రాయండి.

తాటిచెట్లపాలెం మాస్టారు (గణాంక శాస్త్ర అధ్యాపకుడు):

మూడు విషయాలు క్లుప్తంగా చెబుతాను. హ్యాడ్స్‌లో కొన్ని ప్రశ్నలకు మొదటి జవాబుకు 3, కొన్నింటికి మొదటి జవాబుకు 0 వస్తుంది. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఈ తేడా మరిచిపోతే స్కోర్లన్నీ తలకిందులవుతాయి. విశ్వసనీయత, అంటే ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయన్నది చూపడానికి క్రాన్‌బాక్ ఆల్ఫాను 14 ప్రశ్నలకూ కలిపి కాకుండా రెండు విభాగాలకూ విడివిడిగా లెక్కించండి.

మూడవది ముఖ్యమైనది. ఉదాహరణకు 100 మంది స్త్రీలలో నిజంగా కుంగుబాటు ఉన్నవారు 15 మంది అనుకుందాం. ఉన్నవారిలో 80 శాతాన్ని పట్టుకుని, లేనివారిలో 80 శాతాన్ని సరిగ్గా వదిలిపెట్టే ప్రశ్నావళి మీ చేతిలో ఉందనుకుందాం. అది 15 మందిలో 12 మందిని పట్టుకుంటుంది, ముగ్గురిని వదిలేస్తుంది. మిగిలిన 85 మందిలో 17 మందిని లేకపోయినా ఉన్నట్టు చూపుతుంది. అంటే మొత్తం 29 మంది హద్దు దాటితే, అందులో సగానికి పైగా కుంగుబాటు లేనివారే. కాబట్టి "ఇంత శాతం మందికి కుంగుబాటు ఉంది" అని రాయకండి, "ఇంత శాతం మందికి స్కోరు 8 లేదా అంతకంటే ఎక్కువ వచ్చింది" అని రాయండి. పత్రికల వారు మొదటి వాక్యాన్నే కోరుకుంటారు, అయినా రాయకండి.

సింహగిరి (చికిత్స పూర్తి చేసుకున్న రోగి):

అమ్మా గోస్తనీ, నువ్వు నా కూతురి వయసుదానివి అయి ఉంటావు కనుక చనువుగా రాస్తున్నాను. నా చికిత్స కాలంలో నన్ను కూడా ఇటువంటి ప్రశ్నలు అడిగారు. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అప్రస్తుతం. వరండాలో, మా మరిది గారు పక్కన ఉండగా అడిగారు. అన్నింటికీ "లేదు" అని చెప్పాను. రాత్రిళ్ళు నిద్రలేక గోడ చూస్తూ గడుపుతున్న రోజులవి. ఆ కాగితం మీద నేను ఏ దిగులూ లేని మనిషిని. ఆ తరువాత దాని సంగతి ఎవరూ నాతో ఎత్తలేదు.

డాక్టరు గారు, సిస్టరు గారు, మాస్టారు చెప్పినవన్నీ చదివాను. నాకు తెలియని విషయాలు ఎన్నో తెలిశాయి. నా భయాలలో ఎక్కువ భాగం మాత్రం ఆ ప్రశ్నల్లో లేనే లేదు. వైద్యసేవ కార్డు మీద ఆపరేషను, కీమో జరిగిపోయాయి. ప్రతిసారీ రానుపోను ఖర్చులు, బయట రాయించిన స్కానింగులు, పొలం మీద తెచ్చిన అప్పు గురించి ఎవరూ అడగలేదు. మా అమ్మాయికి కూడా ఈ జబ్బు వస్తుందా అన్న భయం గురించి అడగలేదు. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు వెళ్ళడం మానేశావా అని అడగలేదు. చీర కట్టుకుంటే ఒక వైపు ఖాళీగా కనిపిస్తుందేమోనని నేను ఇల్లు కదలని కాలం చాలా ఉంది. నీ ప్రశ్నావళి అయిపోయాక, కాగితం పక్కన పెట్టి, "ఇందులో లేనిది ఏదైనా చెప్పాలని ఉందా అమ్మా" అని ఒక్క మాట అడుగు. అడిగాక తొందరపడకు. మరొక విన్నపం. స్కోరు ఎంత వచ్చినా దాని అర్థం ఏమిటో ఆమెకు చెప్పు. నా గురించి రాసుకున్న అంకెను నాకు చెప్పకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

గోస్తని:

అమ్మగారూ, మీరు చెప్పిన ఆ ఒక్క ప్రశ్నను ప్రతిపాదనలో చేరుస్తున్నాను. వచ్చే జవాబులను వారి మాటల్లోనే రాసుకుంటాను. హ్యాడ్స్‌కు అనుమతి కోరుతున్నాను. ప్రతి స్త్రీకీ తన స్కోరు, దాని అర్థం చెప్పాలని కూడా రాశాను. మేఘాద్రి గారూ, హ్యాడ్స్‌లో లేదన్న ఆ చావు ఆలోచనల ప్రశ్నను నేను అడగవచ్చునా? అడిగితే ఆ ఆలోచన లేనివారికి కూడా కలుగుతుందేమోనని మా తరగతిలో కొందరు భయపడుతున్నారు. "అవును" అన్న జవాబు వస్తే తక్షణం ఏమి చేయాలి?

మేఘాద్రి:

అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. చాలామందికి, ఎవరో ఒకరు అడిగారన్న ఊరట కలుగుతుంది. అయితే జవాబు వచ్చాక నడిచే దారి ముందే సిద్ధంగా ఉండాలి. అది లేకుండా ఒక్క రోగిని కూడా కలవవద్దు.

చావు ఆలోచన ఉందని చెప్పిన స్త్రీని ఒంటరిగా వదలకండి. ఎప్పటి నుంచి, ఏదైనా పద్ధతి ఆలోచించారా అని మెల్లగా అడిగి, అదే రోజు ఆమె ఆంకాలజిస్టుకూ (క్యాన్సర్ వైద్యునికీ) మీ గైడ్‌కూ చెప్పండి. గోప్యతకు ఈ ఒక్క మినహాయింపు ఉంటుందని సమ్మతి పత్రంలో ముందే రాసి ఉండాలి. మీ ఆసుపత్రిలో మానసిక వైద్యుడు లేకపోతే, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కె.జి.హెచ్.) మానసిక వైద్య విభాగంతో గానీ, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలతో గానీ మీ విభాగాధిపతి ముందుగా మాట్లాడి ఉంచాలి. చినవాల్తేరు పేరు చెబితే కుటుంబాలు వెనక్కి తగ్గుతాయి. కాబట్టి మొదటి సంప్రదింపు క్యాన్సర్ ఓపీలోనే జరిగేలా చూడగలిగితే వారు నిజంగా వస్తారు. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సహాయవాణి 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరును స్కోరుతో సంబంధం లేకుండా అందరికీ ఇవ్వండి.

ప్రమాదం లేకుండా 11, ఆపైన స్కోరు వచ్చిన వారిని కూడా నిపుణులకు చూపించాలి. అక్కడ వారు హిమోగ్లోబిన్, థైరాయిడ్ వంటివి కూడా చూస్తారు, ఎందుకంటే ఆ లోపాలు కుంగుబాటులాగే కనిపిస్తాయి. పంపే చీటీ మీద ఆమె ప్రస్తుతం వాడుతున్న మందులన్నీ, ముఖ్యంగా కొన్ని రొమ్ము క్యాన్సర్లకు ఇచ్చే హార్మోన్ చికిత్స మాత్ర టామాక్సిఫెన్ వాడుతున్నారా లేదా మొదలుపెట్టబోతున్నారా అన్నది తప్పకుండా రాయించండి. పారాక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ వంటి కుంగుబాటు మందులు శరీరంలో టామాక్సిఫెన్‌ను పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైమును అడ్డుకుంటాయి. వెన్‌లాఫాక్సిన్ వంటివి ఆ పని అంతగా చేయవు కనుక మేము వాటిని ఎంచుకుంటాం. ఆ వివరం చీటీలో లేకపోతే, హడావిడి ఓపీలో అది ఎవరి దృష్టికీ రాకపోవచ్చు.

యారాడ:

ఆ చీటీ నమూనా మా దగ్గర ఒకటి ఉందమ్మా. మందుల పేర్లకు, ఎన్నో కీమో అన్నదానికి, వెంట వచ్చిన వారి ఫోన్ నంబరుకు అందులో గళ్ళు ఉన్నాయి. మీ గైడ్ గారి ద్వారా అడిగితే పంపిస్తాను.